నాచులో దొరికిన ఈ గెంతే పెంకుపురుగును ఏ కోవలో వేయాలి?

నాచుపిచ్చి:
రాతి మీది నాచును జల్లెడ పడితే మిల్లీమీటరు కంటే కాస్త పెద్ద పెంకుపురుగు రాలింది. సగం బఠాణీని బోర్లించినట్టు గుండ్రంగా ఉంది. ముట్టుకోగానే గెంతి మాయమైంది, మళ్లీ పట్టుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. వెనక తొడలు లావుగా ఉన్నాయి కాబట్టి ఫ్లీ బీటిలే అనుకుంటున్నా. కానీ పాత పుస్తకాల్లో ఆల్టిసినే అనే ఉపకుటుంబం అని, కొత్త పేపర్లలో గాలెరూసినే అనే ఉపకుటుంబం కింద ఆల్టిసిని అనే ట్రైబ్ (ఉపకుటుంబం కంటే చిన్న గుంపు) అని ఉంది. లేబుల్ మీద ఏది రాయాలి?

కంచుకొమ్ము:
ట్రైబ్ అనే రాయండి, ఇప్పుడు ఎక్కువమంది అలాగే రాస్తున్నారు. ఒకప్పుడు వెనక తొడలో గెంతడానికి పనికొచ్చే స్ప్రింగు ఉంటే చాలు, వేరే ఉపకుటుంబం అనేవాళ్లు. ఆ స్ప్రింగునే మౌలిక్ అవయవం అంటారు, దాని నిర్మాణం గురించి కీటక శాస్త్రవేత్త సమరేంద్ర మౌలిక్ 1929లో రాశారు కాబట్టి ఆ పేరు. చిక్కేమిటంటే, డీఎన్ఏ పోల్చి చూస్తే గెంతేవన్నీ ఒకే కొమ్మ మీద కుదురుగా కూర్చోవడం లేదు, ఆ స్ప్రింగు వేర్వేరు వంశాల్లో విడివిడిగా పుట్టి ఉండొచ్చు. అంతెందుకు, గెంతే ముక్కుపురుగుల్లో కూడా ఇలాంటిదే ఉంది, అవేమో వేరే కుటుంబం!

సూదిమొన:
ముందు మూతి చూడండి, పొడుగ్గా ముక్కులా లేకపోతే ముక్కుపురుగు గొడవ వదిలేయొచ్చు. యూరప్‌లో అయితే ఇలాంటి వర్ణనకు వెంటనే మ్నియోఫిలా మస్కోరమ్ అనేస్తారు, 1803లోనే కోఖ్ పేరు పెట్టిన పురుగు. కానీ వేరే చోట దొరికినదానికి ఆ పేరు తగిలించకండి. నాచులో బతికేవి చిన్నగా, ఉబ్బెత్తుగా, ఎగిరే రెక్కల్లేకుండా తయారవుతాయి, దగ్గరి చుట్టరికం లేని ప్రజాతులు (జీనస్‌లు, అంటే దగ్గరి జాతుల గుంపులు) కూడా అచ్చం కవలల్లా కనిపిస్తాయి. ఆకారం చూసి నేనూ ఒకసారి బోల్తాపడ్డాను.

నాచుపిచ్చి:
మరి తేల్చుకోవడం ఎలా అండి? నా దగ్గర ఉన్నది ఒక్కటే, కోసి పాడుచేయాలంటే టెన్షన్‌గా ఉంది.

సూదిమొన:
ఒక్కటే ఉంటే ఇప్పుడే కోయకండి, ముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి ఆల్కహాల్‌లో పెట్టండి. ఇంకో నాలుగు దొరికాక ఒకదాని పొట్ట విడదీసి పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెడితే మెత్తటి భాగం కరిగిపోయి గట్టి భాగాలు మిగులుతాయి. మగదైతే ఎడియాగస్ (జననాంగం), ఆడదైతే స్పెర్మథీకా (వీర్యం దాచుకునే సంచి) ఆకారం చూడాలి, జాతులు తేలేది ఎక్కువగా అక్కడే. అప్పటిదాకా లేబుల్ మీద ‘ఆల్టిసిని, ప్రజాతి తేలలేదు’ అనీ, ఏ నాచులో దొరికిందో అదీ రాసి పెట్టండి. నాచు ముక్క కూడా దాచండి, చాలామంది పారేసేది అదే.