ఉప్పునీటి పూల్‌లో క్లోరిన్ మధ్యాహ్నానికే అయిపోతోంది, ఏం చేయాలి?

రాజోలు దగ్గర 60 వేల లీటర్ల పూల్ అండి, పైన నీడ లేదు. ఉప్పునీటి నుంచి కరెంటుతో గంటకు 15 గ్రాముల క్లోరిన్ తయారుచేసే సెల్ రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నడుస్తోంది. అంటే 120 గ్రాములు, 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు). పొద్దున ఫ్రీ క్లోరిన్ (ఇంకా పనిచేయగల క్లోరిన్) 2.2, మధ్యాహ్నం మూడింటికి 0.3.

మిగతా రీడింగులు: ఉప్పు 3,100 పీపీఎం, పీహెచ్ 7.9, కాల్షియం హార్డ్‌నెస్ (నీళ్ళలో సున్నం వల్ల వచ్చే గట్టిదనం) 480, సయనూరిక్ యాసిడ్ (ఎండకు క్లోరిన్ పోకుండా కాపాడే స్టెబిలైజర్) 20. వానలకు పూల్ రెండుసార్లు పొర్లింది. ఉప్పు మళ్ళీ వేశారు గానీ స్టెబిలైజర్ వేయలేదు.

పాచి అనుమానంతో ఒక రాత్రి సెల్ ఆపి, లిక్విడ్ క్లోరిన్‌తో 3కి తెచ్చి చూస్తే తెల్లారేసరికి 2.6 ఉంది, ఎండ లేనప్పుడు పెద్దగా తగ్గలేదు. కాబట్టి తినేస్తున్నది ఎండే అనిపిస్తోంది. స్టెబిలైజర్ 60కి తేవాలంటే 2.4 కిలోలు పడుతుంది. ఇప్పుడే వేయాలా, మళ్ళీ పొర్లితే పోతుంది కదా అని వానలు తగ్గేదాకా లిక్విడ్ క్లోరిన్‌తో నెట్టుకురావాలా?

రెండో సమస్య సెల్ లోపలి పలకల మీద కట్టే తెల్లటి సున్నపు పొర. బోరు నీళ్ళు గట్టివి. దానికితోడు పనివాళ్ళు చెరువులకు వాడే బ్లీచింగ్ పౌడర్ చల్లుతున్నారు, అందులోదీ సున్నమే, అది మాన్పించాం. పది వంతుల నీళ్ళలో ఒక వంతు మ్యూరియాటిక్ (హైడ్రోక్లోరిక్) యాసిడ్ పోసి (నీళ్ళలోకే యాసిడ్, తిరగేసి కాదు) కడిగితే పోతోంది, మూడు వారాల్లో మళ్ళీ వస్తోంది. ఊరికే కడిగితే పలకల పూత పోతుంది. పీహెచ్ 7.5 దగ్గర నిలిపితే చాలా, వాననీళ్ళు పట్టి హార్డ్‌నెస్ కూడా దించాలా? డెల్టాలో బోరు నీళ్ళతోనే నడిపేవాళ్ళు మీ అంకెలు చెప్పండి.