మొదట చేరే బండికి శిక్షణా, ప్రత్యేక దళానికా?

కొండపల్లి వాసి:

కొండపల్లి చమురు డిపోలకూ గ్యాస్ ప్లాంట్లకూ రాత్రీ పగలూ ట్యాంకర్లు వచ్చిపోతుంటాయి. వాటిలో ఒకటి ఇబ్రహీంపట్నం దగ్గర బోల్తా పడితే ఎవరు రావాలన్నది మాకు ఊహాజనితమైన ప్రశ్న కాదు. ప్రతి ఫైర్ స్టేషన్ సిబ్బందికీ, 108 వారికీ, హైవే పోలీసులకూ రసాయన ప్రమాదాల శిక్షణ ఇవ్వాలని కొందరు మిత్రులు అంటున్నారు. నేను అంగీకరించలేకపోతున్నాను. ఉన్న డబ్బును పదిమందికీ పంచితే ఎవరికీ సరిపోదు. పూర్తిగా మూసి ఉండే రసాయన రక్షణ దుస్తులు, గ్యాసును కొలిచే పరికరాలు, కారుతున్న చోటును మూసే కిట్లు ఉన్న ఒకే ఒక్క దళాన్ని తయారుచేసి, నెలనెలా సాధన చేయించడం మేలు. గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్‌డీఆర్‌ఎఫ్) 10వ బెటాలియన్ ఉండనే ఉంది. అరకొర శిక్షణ పొందినవాడు ధైర్యం చేసి లోపలికి వెళితే, కాపాడవలసినవారి లెక్కలో అతడూ చేరతాడు.

విశ్రాంత లీడింగ్ ఫైర్‌మన్, గుంటూరు:

మీ చివరి వాక్యం నిజమని నా ఒంటి మీద తెలుసుకున్నాను. అయినా మీ నిర్ణయాన్ని ఒప్పుకోలేను.

చాలా ఏళ్ల కిందట గుంటూరు శివార్లలోని ఒక కోల్డ్ స్టోరేజీలో చల్లదనం కోసం వాడే అమోనియా గ్యాసు పైపు జాయింటు దగ్గర లీకైందని కబురు వచ్చింది. మంటలకు వెళ్లినట్టే వెళ్లాం. బండిని గేటు ఎదుటే ఆపాం. తలుపు తెరవగానే కళ్లు మూసుకుపోయాయి. తడి తువ్వాళ్లు ముక్కుకు చుట్టుకుని లోపలికి నడిచాం. కాసేపటికే చంకల్లో, మెడ మడతల్లో, బెల్టు కింద, అంటే చెమట ఉన్న ప్రతి చోటా చర్మం కాలడం మొదలైంది. అమోనియా తడిని వెతుక్కుంటుందని మాకు అప్పటివరకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు మాకు కావలసింది ఖరీదైన దుస్తులు కాదు. ఎదురుగా ఉన్న టీ కొట్టు పొయ్యి పొగ ఎటు వంగుతోందో చూసి, గాలి వచ్చే వైపున, దూరంగా బండి ఆపి, లోపలికి వెళ్లకుండా నిలబడాలన్న ఒక్క మాట కావలసి వచ్చింది. ఆ మాట చెప్పడానికి ఒక పూట చాలు.

ప్రత్యేక దళం ఎంత గొప్పదైనా, అది చేరేదాకా జరగవలసినది జరుగుతూనే ఉంటుంది. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ఫ్యాక్టరీ నుంచి లీకై తెల్లవారుజామున ఊరి మీదికి వచ్చింది. పన్నెండు మంది ప్రాణాలు పోయాయి. రసాయన ప్రమాదాల నిపుణుల బృందాన్ని పూణె నుంచి విమానంలో రప్పించారు. వారు వచ్చేలోపు తలుపులు తట్టి జనాన్ని లేపినవారు స్థానిక పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, ఊరివారు. కొండపావులూరు మనకు పూణె కంటే ఎంతో దగ్గర, నిజమే. కానీ అక్కడి నుంచి దళం వచ్చేదాకా కూడా క్లోరిన్ లాంటి విషవాయువు మేఘం ఆగదు.

ఇంకో సంగతి చూడండి. ప్రమాదకర సరుకు తీసుకెళ్లే డ్రైవరు మూడు రోజుల శిక్షణ పొందాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 9వ నిబంధన చెబుతోంది. ఆ బండి బోల్తా పడి డ్రైవరు స్పృహ తప్పితే, లోపలి సరుకేమిటో తెలిపేలా దాని మీద రాసి ఉన్న అంకెలను చదవవలసిన కానిస్టేబుల్‌కు మాత్రం ఆ మూడు రోజుల్లో మూడు గంటలైనా అందాలని మనం ఎందుకు అడగకూడదు?

కొండపల్లి వాసి:

మీ అనుభవం చదివి బాధ కలిగింది. అయినా నా సందేహం తీరలేదు. ఒక పూట తరగతిలో విన్నది రెండేళ్ల తరువాత అర్ధరాత్రి గుర్తుంటుందా? నీరు చల్లవలసిన చోట చల్లకపోయినా, చల్లకూడని చోట చల్లినా తప్పే కదా? అది నిత్యసాధనతో తప్ప రాదు.

కోల్డ్ స్టోరేజీ ఇంజినీరు, గుంటూరు:

నీటి విషయం నా రంగానికి చెందినది కనుక చెబుతాను. గాలిలో తేలుతున్న అమోనియా ఆవిరి మీద సన్నని తుంపర పట్టిస్తే అది నీటిలో కరిగి తగ్గుతుంది. అదే నీటిని నేల మీద మడుగు కట్టిన ద్రవ అమోనియా మీద పోస్తే, నీటి వేడికి అది ఇంకా వేగంగా ఆవిరై మేఘం పెరుగుతుంది. క్లోరిన్‌తో మరో చిక్కు ఉంది. కారుతున్న సిలిండర్ మీద నీళ్లు పోస్తే ఆమ్లం ఏర్పడి రంధ్రం పెద్దదవుతుంది. అమోనియా గాలికంటే తేలిక కాబట్టి పైకి పోతుందని పుస్తకం చదివినవారు ధీమాగా ఉంటారు, కానీ ద్రవం నుంచి అప్పుడే లేచిన చల్లని తెల్లటి పొగ నేలను పట్టుకునే పాకుతుంది. ఇవన్నీ అందరికీ నేర్పలేమన్న కొండపల్లి మిత్రుని మాట సబబే. అందుకే మొదట వచ్చినవారికి గొట్టం పట్టుకోవడం కాదు, గొట్టం కింద పెట్టడం నేర్పాలి.

108లో పనిచేసే సోదరి, విజయవాడ:

మా వైపు నుంచి ఒక్క మాట. పురుగుమందు తాగిన రైతును ఎక్కించుకోవడం ఈ ప్రాంతంలో మాకు కొత్త కాదు. మందుతో తడిసిన చొక్కా తీసేయాలి, చేతికి గ్లౌజులు ఉండాలి, ఒళ్లు కడగాలి, బండి కిటికీలు తెరవాలి. లేకపోతే దారిలో మాకే తల తిరుగుతుంది. మాకు ఇది పని చేస్తూ చేస్తూ అబ్బింది, ఏళ్లు గడిచినా మరిచిపోలేదు. ఫ్యాక్టరీ రసాయనానికీ మొదటి మెట్టు ఇదే. బట్టలు తీయకుండా, కడగకుండా రోగిని ఆసుపత్రికి తెస్తే అక్కడి క్యాజువాలిటీ కూడా ప్రమాద స్థలం అవుతుంది.

విశ్రాంత లీడింగ్ ఫైర్‌మన్, గుంటూరు:

సోదరి చెప్పినదే కొండపల్లి మిత్రునికి నా సమాధానం. చేయవలసినవి తక్కువైతే గుర్తుంటాయి. అమెరికా కార్మిక భద్రతా నిబంధనలు ఈ శిక్షణను మెట్లుగా విడదీశాయి. మొదటి మెట్టువారు గుర్తించి, కబురు చేసి, దూరంగా ఉండాలి. రెండో మెట్టువారు దూరం నుంచే వ్యాప్తిని అడ్డుకోవాలి, వారికి కనీసం 8 గంటల శిక్షణ. దగ్గరికి వెళ్లి లీకును మూసే సాంకేతిక సిబ్బందికి కనీసం 24 గంటలు. మొదటి మెట్టువారిని లోపలికి పంపమని నేను అడగడం లేదు, వారిని లోపలికి వెళ్లనివ్వకుండా ఆపడానికే శిక్షణ అడుగుతున్నాను.

ట్యాంకర్ వెనుక పలకను దూరం నుంచి చదవడం అందులో ముఖ్యమైన పాఠం. 1203 అంటే పెట్రోలు, 1075 అంటే వంటగ్యాస్, 1005 అంటే అమోనియా, 1017 అంటే క్లోరిన్. ఆ అంకెతో పాటు ఉండే సంకేతం చివర ఆంగ్లాక్షరం 'ఈ' కనిపిస్తే జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన చేయాలి. ఆ పలక మీద బురద పేరుకుని అంకెలు కనపడని బండిని ఆపి తుడిపించడం కూడా, నా దృష్టిలో, ఈ శిక్షణలో భాగమే.

ఏప్రిల్ 14న మనం అగ్నిమాపక దినం జరుపుకునేది 1944లో బొంబాయి రేవులో పత్తితో పాటు పేలుడు పదార్థాలు మోస్తున్న ఓడ పేలి బలైన అగ్నిమాపక సిబ్బంది జ్ఞాపకార్థమే. ఆ వారంలో గ్యాస్ సిలిండర్ మంట ఆర్పి చూపిస్తాం, బడి పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ వారంలోనే ప్రతి స్టేషన్‌లో పలకలు చదివే ఒక పూట పెట్టవచ్చు.

కొండపల్లి వాసి:

మొదటి మెట్టు వరకే అయితే నాకు అభ్యంతరం లేదు. దాని పేరుతో ప్రత్యేక దళం డబ్బు తగ్గించకూడదన్న షరతు మాత్రం వదలను. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం ఫ్యాక్టరీ వెలుపలి అత్యవసర ప్రణాళికను ఏడాదికి ఒకసారైనా సాధన చేయాలి. అది పగటిపూట, ముందే చెప్పి, ఫొటోలతో జరిగినంతకాలం ఏ మెట్టూ ఎక్కినట్టు కాదు. రాత్రి రెండు గంటలకు, చెప్పకుండా ఒకసారి జరపమనండి, ఎవరికి ఏది గుర్తుందో అప్పుడు తేలుతుంది.

కోల్డ్ స్టోరేజీ ఇంజినీరు, గుంటూరు:

దానికి నేను సిద్ధమే. మిర్చి బస్తాల హడావిడి తగ్గాక మా కంప్రెసర్ గదిని ఒక రాత్రి చూపించడానికి మా యజమానిని ఒప్పిస్తాను. దగ్గరి స్టేషన్ వారు వస్తే ప్రధాన వాల్వులు ఎక్కడున్నాయో, గాలి వచ్చే వైపు గేటు ఏదో చీకట్లో నడిచి చూసుకోవచ్చు. విశ్రాంత ఫైర్‌మన్ గారు కూడా తప్పక రావాలి, బండి ఎక్కడ ఆపాలో ఆయనే చూపించాలి.