రాబర్ట్ స్మాల్స్: 1868లో ఎన్నికయ్యాడా, 1875లోనా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మా కాలేజీ పత్రికకి, అమెరికాలో బానిసగా పుట్టి ప్రజాప్రతినిధి అయిన రాబర్ట్ స్మాల్స్ మీద వ్యాసం రాస్తున్నాను. ఆయన ప్రతినిధుల సభలో చేరింది 1868లో అని ఒకచోట ఉంది, 1875లో అని ఇంకోచోట ఉంది. మధ్యలో సెనేటర్ అని కూడా అంటున్నారు. ఏది రాయాలి? లంచం కేసు గురించి రాయాలా, వదిలేయాలా?

జవాబు: రెండు సంవత్సరాలూ సరైనవే తమ్ముడూ. చిక్కంతా పేర్లతోనే. ఆయన రాష్ట్రమైన సౌత్ కరోలినా దిగువ సభనీ, వాషింగ్టన్‌లోని దేశ దిగువ సభనీ కూడా ప్రతినిధుల సభ అనే అంటారు. 1868 నుంచి 1870 వరకు ఆయన రాష్ట్ర సభలో ఉన్నాడు, అంటే మన లెక్కలో ఎమ్మెల్యే. 1870 నుంచి 1874 దాకా రాష్ట్ర సెనేట్. 1875లో వాషింగ్టన్ వెళ్లాడు, అది ఎంపీ పదవి లాంటిది. ఉత్త "సెనేటర్" అని రాయకు, చదివేవాళ్లు వాషింగ్టన్ సెనేట్ అనుకుంటారు. అందులో ఆయన ఎప్పుడూ లేడు.

ప్రశ్న: రాష్ట్ర సెనేట్‌ని శాసనమండలి అనొచ్చా అన్నా?

జవాబు: వద్దు. మన మండలికి జనం నేరుగా ఓటేయరు, పట్టభద్రులూ టీచర్ల స్థానాలు తప్ప. అక్కడ సెనేటర్లని ఓటర్లే ఎన్నుకున్నారు. "రాష్ట్ర సెనేట్" అనే ఉంచు.

మరొకరి జవాబు: పదవుల లెక్క తేలింది కాబట్టి ఒక మాట. పడవ కథకే పేజీలన్నీ ఇచ్చేయకండి బాబూ. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో, 1862 మే 13 తెల్లవారుజామున, అప్పటికి బానిసగా సరంగు పని చేస్తున్న స్మాల్స్, తన కెప్టెన్ గడ్డిటోపీ పెట్టుకుని, దక్షిణాది సైన్యం కోటల ముందు సరైన ఈలలు వేసి, ప్లాంటర్ అనే స్టీమర్‌ని భార్యాబిడ్డలతో సహా చార్ల్‌స్టన్ రేవు దాటించాడు. బానిసత్వం మీద పోరాడుతున్న దక్షిణాదిని ఎదిరించే ఉత్తరాది సైన్యం నౌక కనపడగానే తెల్ల దుప్పటి ఎగరేశారు. ఒళ్లు జలదరిస్తుంది, నిజమే. నన్ను ఇంకా కదిలించేది మాత్రం సౌత్ కరోలినాకి కొత్త రాజ్యాంగం రాసిన 1868 సభ. బానిసలకి చదువు చెప్పడం నేరమని 1834లో చట్టం చేసిన రాష్ట్రం అది. ఆయన కూడా చదవడం నేర్చుకున్నది పెద్దయ్యాకే. అలాంటి మనిషి పిల్లలందరికీ ఉచితంగా, తప్పనిసరిగా బడి ఉండాలని అక్కడ తీర్మానం పెట్టాడు. మీ వ్యాసానికి గుండె అదే.

లంచం కేసు దాచకండి, పూర్తిగా రాయండి. రాష్ట్ర సెనేట్‌లో ముద్రణ పనుల సంఘం అధ్యక్షుడిగా 5,000 డాలర్లు తీసుకున్నాడని 1877లో శిక్ష వేశారు. మూడేళ్ల కఠిన శిక్ష. అప్పటికి రాష్ట్రంలో అధికారం ఆయన ప్రత్యర్థులైన డెమొక్రాట్ల చేతికి వెళ్లిపోయింది. 1879లో గవర్నర్ క్షమాభిక్ష ఇచ్చాడు. అదీ ఒక బేరంలో భాగమే: డెమొక్రాట్ల మీద ఉన్న ఎన్నికల అక్రమాల కేసులని కేంద్రం వదిలేసింది. ఈ మూడూ పక్కపక్కన పెడితే చదివేవాళ్లే తూచుకుంటారు. సగం చెబితే ఆయనకీ అన్యాయం, చదువరికీ అన్యాయం.

ప్రశ్న: చాలా థాంక్స్ అండీ. బడుల తీర్మానంతోనే మొదలుపెడతాను. బ్యూఫోర్ట్‌లో పాత యజమాని ఇంటినే కొన్నాడంటారు, అది నిజమేనా?

జవాబు: నిజమే. పన్ను బకాయిల కింద వేలానికి వస్తే కొన్నాడు. తాను పుట్టింది ఆ ఇంటి వెనకున్న పాకలో. 1915లో కన్నుమూసింది ఆ ఇంట్లోనే.