మార్కులు 3.04, యూఎస్ఏకో ప్లాటినం: బర్క్‌లీ సీఎస్‌కి పెట్టాలా, వద్దా?

కృష్ణాతీరం:
మా అబ్బాయిది కాలిఫోర్నియాలో పబ్లిక్ స్కూలు. పదకొండో తరగతి ఇప్పుడే అయింది. పది, పదకొండులో మొత్తం 24 సెమిస్టర్ గ్రేడ్లు: ఎ 8, బి 12, సి 4. స్కూలు లెక్కలో, మైనస్‌లు కూడా తగ్గిస్తే, జీపీఏ (గ్రేడ్ల సగటు: ఎ కి 4, బి కి 3, సి కి 2) 3.04. కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్‌లో 1520. ప్రోగ్రామింగ్ పోటీ యూఎస్ఏకోలో ప్లాటినం, అంటే నాలుగు డివిజన్లలో పైది. ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీకి (ఎవరైనా వాడుకోగల కోడ్ సముదాయం) రోజూ కోడ్ రాస్తాడు. బర్క్‌లీ, కార్నెగీ మెలన్‌లలో సీఎస్‌కి (కంప్యూటర్ సైన్స్) పెట్టించాలా, లేక ఫీజులు దండగా? తెలిసినవాళ్లు చెప్పండి.

శాన్‌హోజే_సుబ్బు:
దండగ కాదు. ఆ 3.04ని ముందు మర్చిపోండి. యూసీ (బర్క్‌లీ ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వ్యవస్థ) తన లెక్క తనే వేసుకుంటుంది. తొమ్మిది తర్వాతి వేసవి నుంచి పదకొండు తర్వాతి వేసవి దాకా చదివిన ఎ-జి కోర్సులు (యూసీ తప్పనిసరి అన్న సబ్జెక్టులవి) మాత్రమే తీసుకుంటుంది. ప్లస్‌లు, మైనస్‌లు ఉండవు, బి మైనస్ కూడా బి కిందే లెక్క. మీవాడికి ఎ లకు 32, బి లకు 36, సి లకు 8, కలిపి 76. ఏపీ (స్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి) కోర్సుల్లో, యూసీ ఒప్పుకున్న ఆనర్స్ కోర్సుల్లో సెమిస్టర్‌కి ఒక పాయింటు అదనం. అవి ఎనిమిదికి మించవు, అందులో పదో తరగతివి నాలుగుకి మించవు. ఎనిమిదీ వచ్చాయనుకుంటే 84. ఇరవై నాలుగుతో భాగిస్తే 3.5. రాష్ట్రంలోని పిల్లలకు కనీసం 3.0 చాలు. శాట్‌ని యూసీ సీటు కోసం చూడదు, అది కార్నెగీకి పంపండి.

లెక్కల_టీచరమ్మ:
సుబ్బుగారూ, కూడిక సరిగ్గానే ఉంది. కానీ అవే 24 గ్రేడ్లలో అన్నీ ఎ తెచ్చుకున్న పిల్లకి 96కి 8 కలిపి 104, అంటే 4.33. బర్క్‌లీ సీఎస్‌కి ఈ అబ్బాయితో పోటీ పడేది ఆ పిల్ల. 3.0 దాటితే ఫైలు తెరుస్తారు, అంతవరకే. కృష్ణాతీరంగారూ, ఆ నాలుగు సి లు ఏ సబ్జెక్టులో, ఏ సెమిస్టర్లలో వచ్చాయి? అది చెప్పకుండా ఎవరూ సలహా ఇవ్వలేరు.

మామిడితోట:
మార్కులే కాకుండా ప్రత్యేక ప్రతిభ చూసే దారి ఇండియాలోనూ తెరుచుకుంది. కాన్పూర్ ఐఐటీ 2025 నుంచి ఒలింపియాడ్ శిక్షణ శిబిరం దాకా వెళ్లినవాళ్లకు జేఈఈ ర్యాంకు లేకుండా కొన్ని శాఖల్లో సీట్లిస్తోంది. మద్రాసు ఐఐటీ 2024లో క్రీడల కోటా పెట్టింది, కోర్సుకి రెండు సీట్లు, ఒకటి అమ్మాయిలకు. అయితే అక్కడ జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు జాబితాలో పేరు ఉండి తీరాలి.

శాన్‌హోజే_సుబ్బు:
టీచరమ్మగారూ, యూసీ 13 అంశాలు చూస్తుంది. జీపీఏ వాటిలో ఒకటి, ప్రత్యేక ప్రతిభ ఇంకొకటి. ప్లాటినం దాకా వెళ్లడమంటే కాలేజీ స్థాయి అల్గారిథమ్స్ ఇప్పటికే వచ్చినట్టు. ఇది కారు కడిగి చందాలు పోగేసే క్లబ్బు లాంటిది కాదు, చదువుకే రుజువు. దాన్ని కనబడేలా రాయాలి. కామన్ యాప్‌లో (కార్నెగీ లాంటి చాలా కాలేజీలకు ఒకటే ఫారం) పది యాక్టివిటీలు, ఒక్కోదానికి 150 అక్షరాలు, ఖాళీలతో కలిపి. “కోడింగ్ అంటే ఆసక్తి” అని అక్షరాలు పారేయొద్దు. లైబ్రరీ ఏం చేస్తుంది, అబ్బాయి రాసిన భాగం ఏది, ఎన్ని మార్పులు విలీనమయ్యాయి, ఇవి రాయాలి. ప్లాటినాన్ని యాక్టివిటీల్లో కాకుండా అవార్డుల్లో పెట్టండి, అక్కడ ఐదు వరుసలుంటాయి. యూసీ ఫారంలో ఇరవై దాకా రాయొచ్చు. మళ్లీ చెబుతున్నా, మీ నంబరు 3.5. ఎవరు అడిగినా 3.04 అనొద్దు.

లెక్కల_టీచరమ్మ:
ఆ నంబరు దగ్గరే ఆగిపోయారు మీరు. కార్నెగీకి వెళ్లేది స్కూలు ట్రాన్స్‌క్రిప్టు, అందులో మైనస్‌లన్నీ ఉంటాయి. నంబరే కావాలంటే చాలా కాలేజీలు ఏటా పెట్టే కామన్ డేటా సెట్ తెరవండి. సి7లో దేనికి ఎంత ప్రాముఖ్యమో, సి11లో చేరినవాళ్ల జీపీఏలు ఏ మెట్టులో ఎంత శాతమో ఉంటాయి. 3.25కి కింద ఉన్న మెట్లు చూడండి. కొందరు కనబడితే ఆశ పెంచుకోకండి, వాళ్లలో కోచ్‌లు పిలిపించుకున్న క్రీడాకారులు ఉంటారు. హార్వర్డ్ మీద 2018లో జరిగిన విచారణలో బయటికొచ్చిన లెక్క ప్రకారం అలాంటి క్రీడాకారుల్లో 86 శాతం మందికి సీటొచ్చింది. వాళ్ల కోసం అడ్మిషన్ ఆఫీసులో మాట్లాడేందుకు ఒక కోచ్ ఉంటాడు. ప్రోగ్రామర్ కోసం మాట్లాడేవాళ్లెవరు? పైగా అది ఇంట్లో కూర్చుని రాసే పోటీ. ఈ రోజుల్లో ఏఐ అనుమానం ముందే వస్తుంది. ఆ పని కళ్లతో చూసిన టీచరు లేఖ లేకపోతే ప్లాటినం ఒంటరిగా నిలబడదు.

అడగ్గా అడగ్గా ఇంకా జవాబు రాలేదు. సి లు ఎందులో?

కొండపల్లి_బొమ్మ:
కన్సల్టెంట్లు కూడా ఆ ప్రశ్న వేయరు. “ప్యాషన్ ప్రాజెక్టు” అని వేల డాలర్లు గుంజి, ట్రాన్స్‌క్రిప్టు తెరిచి చూడరు. ఒకరి చేతిలో మేం మోసపోయాం, అందుకే చెబుతున్నా.

కృష్ణాతీరం:
టీచరమ్మగారూ, కోర్టులో అడిగినట్టు అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నా. పదకొండులో ఇంగ్లిష్ రెండు సెమిస్టర్లు, అమెరికా చరిత్ర రెండు సెమిస్టర్లు. పరీక్షల్లో తొంభైకి తగ్గలేదు. హోంవర్కులు ఇవ్వలేదు, వాటికే సున్నాలు. తెలివి లేక కాదు.

లెక్కల_టీచరమ్మ:
తెలివి లేదని ఎవరన్నారు? అప్లికేషన్ చదివేవాళ్లకు వచ్చే సందేహం వేరే. పని ఇస్తే గడువులోగా ఇస్తాడా? సీఎస్ మొదటి ఏడాదే ప్రాజెక్టులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి, ఆలస్యమైతే మార్కులు కోస్తారు. పోటీలో నాలుగైదు గంటలు కూర్చోవడం, పదిహేను వారాలు నచ్చని పని చేయడం, ఈ రెండూ వేరు. పైగా సి లన్నీ పదకొండులోవే, అంటే గ్రాఫు కిందికి పోతోంది.

శాన్‌హోజే_సుబ్బు:
ఇదీ అసలు గొడవ! మీ దృష్టిలో గ్రేడు అంటే క్రమశిక్షణ. పరీక్షలో తొంభై తెచ్చుకున్నవాడికి వర్క్‌షీటు ఇవ్వలేదని సి వేసే పద్ధతే తప్పు. అందుకోసం బంగారం లాంటి పిల్లాడు వెనక్కి తగ్గాలా?

లెక్కల_టీచరమ్మ:
పద్ధతి తప్పే అనుకోండి. ఆ పద్ధతిలో ఎ తెచ్చుకుని ప్లాటినం కూడా కొట్టినవాళ్లు అదే కుప్పలో ఉన్నారు. కాలేజీ వాళ్లనే తీసుకుంటుంది. మీరు స్కూళ్లను సంస్కరించాలంటున్నారు, నేను ఈ నవంబరులో పెట్టే అప్లికేషన్ గురించి చెబుతున్నాను.

నల్లమల:
కొట్లాట ఆపి దారి చూడండి. సి వచ్చిన కోర్సు మళ్లీ చదివినా యూసీ కొత్త గ్రేడు తీసుకోదు, డి, ఎఫ్ అయితేనే తీసుకుంటుంది. అందుకని ఈ వేసవిలోనే కమ్యూనిటీ కాలేజీలో (స్థానిక రెండేళ్ల కాలేజీ) యూసీకి ట్రాన్స్‌ఫర్ అయ్యే వేరే ఇంగ్లిష్ కోర్సు చదివించండి. పదకొండు తర్వాతి వేసవి కాబట్టి లెక్కలోకి వస్తుంది. పన్నెండులో మొదటి సెమిస్టర్ గ్రేడ్లు యూసీ జీపీఏ లెక్కలోకి రావు. కార్నెగీ లాంటి ప్రైవేటు వాటికి మిడ్‌ఇయర్ రిపోర్టులో వెళ్తాయి, అక్కడ రెండు ఎ లు పనికొస్తాయి. జాబితాలో గ్రిన్నెల్, ఓబర్లిన్ లాంటివి చేర్చండి, అక్కడ ముందు చేరి తర్వాత మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఎంచుకోవచ్చు. ఏదీ కాకపోతే కమ్యూనిటీ కాలేజీ నుంచి ట్యాగ్, అంటే యూసీకి మారేందుకు ముందే సీటు గ్యారంటీ ఇచ్చే ఒప్పందం. డేవిస్, అర్వైన్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, రివర్‌సైడ్, మెర్సెడ్, ఈ ఆరింటికే గ్యారంటీ. బర్క్‌లీకి లేదు, సీఎస్‌ని చాలా క్యాంపస్‌లు అందులోంచి తీసేశాయి.

కృష్ణాతీరం:
కమ్యూనిటీ కాలేజీ అంటే మావాళ్లలో ఏమంటారో మీకు తెలుసు.

లెక్కల_టీచరమ్మ:
తెలుసు. అబ్బాయికి ఏం కావాలో ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా ఒక్క ముక్క రాలేదు, అదీ తెలుసు.

శాన్‌హోజే_సుబ్బు:
అది మీకెందుకండీ? ఆయన అడిగింది బర్క్‌లీ గురించి. పెట్టండి. క్యాంపస్‌కి 80 డాలర్లు, దానికి ఇంత చర్చ అక్కర్లేదు.

కృష్ణాతీరం:
వాడిని అడిగాను. పోటీలు మాననన్నాడు, వేసవి ఇంగ్లిష్‌కి సరేనన్నాడు. హోంవర్కుల సంగతి అప్లికేషన్లో రాయాలా, దాచాలా?

లెక్కల_టీచరమ్మ:
రాయాలి, వ్యాసంలో కాదు. యూసీ ఫారంలో అదనపు వ్యాఖ్యల పెట్టెలో నాలుగు వాక్యాలు చాలు. ఏ కోర్సులు, ఎందుకు తగ్గాయి, వేసవిలో ఏం చదివాడు, ఏం గ్రేడు వచ్చింది. టీచర్ల మీద నింద వేయొద్దు. వేసవి గ్రేడు చేతికి రాకముందు ఆ పెట్టె నింపకండి. కార్నెగీకి పంపే సిఫారసు లేఖకు లెక్కల టీచర్నో సీఎస్ టీచర్నో ఆగస్టులో బడి తెరిచిన మొదటి వారంలోనే అడగమనండి, అక్టోబరు వచ్చేసరికి వాళ్ల చేతినిండా లేఖలుంటాయి.