నవంబరు సేవా కార్యక్రమం: కిట్లు, బోర్డులు, సలహా డెస్క్ – ఎవరు ఏం చేస్తున్నారు?

సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. నవంబరు రెండో శనివారం హాలు ఖరారైంది, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి అయిదు దాకా మనదే. ఈసారి విషయం, ఇక్కడ ఇంగ్లండ్‌లో ఇల్లు పోయి వీధిలో పడుకుంటున్నవాళ్లు. పనులు మూడు: చలికాలం కిట్లు 60 కట్టాలి, గోడకు బోర్డులు పెట్టాలి, అద్దె ఇల్లు ఖాళీ చేయమని నోటీసు వచ్చినవాళ్ల కోసం ఒక సలహా డెస్క్ నడపాలి. రాత్రిపూట స్టేషన్ దగ్గర దుప్పట్లు పంచి గ్రూపు ఫొటో దిగే కార్యక్రమం మాత్రం లేదు, దాని గురించి మళ్లీ అడగొద్దు. ఎవరు ఏ పని తీసుకుంటారో ఇక్కడే రాయండి. వాట్సాప్‌లో పెడితే రెండో రోజుకి ఎక్కడికో కొట్టుకుపోతుంది.

హౌసింగ్ డెస్క్:
బోర్డుల సంగతి మేం చూస్తాం. మొదటి బోర్డు మీద నాలుగు అంకెలు చాలు. ఇంగ్లండ్‌లో ఒక్క రాత్రి లెక్కలో వీధిలో కనబడినవాళ్లు 2010లో 1,768 మంది, 2017లో 4,751, 2021లో 2,443, 2024లో 4,667. కింద చిన్న అక్షరాల్లో ఇది ఎలాంటి లెక్కో కూడా రాయాలి. అక్టోబరు, నవంబరుల్లో ప్రతి కౌన్సిలూ, అంటే స్థానిక ప్రభుత్వం, ఒక రాత్రిని ఎంచుకుని లెక్కో అంచనానో వేస్తుంది. రాత్రంతా బస్సుల్లో తిరిగేవాళ్లు, తెలిసినవాళ్ల సోఫా మీద సర్దుకునేవాళ్లు ఇందులోకి రారు. ఆడవాళ్లు భయంతో కనబడని చోట్లు వెతుక్కుంటారు కాబట్టి వాళ్ల లెక్క ఇంకా తగ్గిపోతుంది. పక్కనే ఇంకో అంకె పెట్టాలి: 2024లో కౌన్సిళ్లు ఇచ్చిన తాత్కాలిక వసతిలో ఉన్న కుటుంబాలు 1,20,000 పైమాటే, వాటిలో పిల్లలు లక్షన్నర దాటారు. వీధిలో కనిపించేది ఈ మొత్తంలో చాలా చిన్న ముక్క.

2021 అంకె దగ్గర ఒక బాణం గుర్తు వేయండి. 2020 మార్చిలో కోవిడ్ వల్ల అందరినీ లోపలికి తీసుకురమ్మని ప్రభుత్వం కౌన్సిళ్లకు చెప్పింది, హోటల్ గదులు ఇచ్చింది, సంఖ్య పడిపోయింది. ఆ ఏడాది మనుషుల అలవాట్లేం మారలేదు, గదులు దొరికాయంతే. బోర్డు చూసేవాళ్లు ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మన పని సగం అయినట్టే.

కొత్త వాలంటీర్:
ఒక సందేహమండీ. వీళ్లలో చాలామంది తాగుడు, డ్రగ్స్ వల్లే రోడ్డున పడ్డారంటారు కదా? బోర్డులో దాని గురించి ఏమీ రాయకపోతే దాచిపెట్టినట్టు ఉండదా?

హౌసింగ్ డెస్క్:
దాచొద్దు, రెండో బోర్డులో రాద్దాం. కొందరికి అది ముందే ఉంటుంది, కొందరికి వీధిలోకి వచ్చాక మొదలవుతుంది. చలిలో, దెబ్బలు తింటామన్న భయంలో నిద్ర పట్టాలి కదా. కానీ తాగేవాళ్లందరి ఇళ్లూ పోవు. ఎవరి ఇల్లు పోతుందనేది వేరే లెక్క.

కౌన్సిళ్లు నమోదు చేసే కారణాల్లో ఏటా ముందుండేవి మూడు: ప్రైవేటు అద్దె ఒప్పందం ముగిసిపోవడం, కుటుంబమో స్నేహితులో ఇక ఉంచుకోలేమనడం, ఇంట్లో హింస. వీటి వెనక డబ్బు సంగతి ఉంది. అద్దెకి ఇచ్చే సాయం, అంటే లోకల్ హౌసింగ్ అలవెన్స్, మొదట్లో ఆ ప్రాంతపు అద్దెల్లో నడిమి అద్దెని బట్టి ఉండేది. 2011లో దాన్ని కింది 30 శాతం దగ్గరికి దించారు. అంటే ఊళ్లో పది ఇళ్లుంటే చవకైన మూడింటికే ఆ సాయం సరిపోతుంది. ఆ తర్వాత 2016 నుంచి 2020 దాకా ఒకసారి, 2020 నుంచి 2024 దాకా ఇంకోసారి రేటు కదలకుండా ఆపేశారు. అద్దెలు ఆగలేదు. 35 ఏళ్ల లోపు ఒంటరివాళ్లలో చాలామందికి షేర్డ్ ఇంట్లో ఒక గది రేటే ఇస్తారు. యూనివర్సల్ క్రెడిట్‌కి, అంటే ఆదాయం తక్కువున్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే నెలవారీ సాయానికి, కొత్తగా పెట్టుకుంటే మొదటి డబ్బు చేతికి రావడానికి అయిదు వారాలు. ముందే అప్పులో ఉన్న మనిషికి ఈ అయిదు వారాలే చాలు.

దీనికి తోడు చట్టం పెట్టిన జల్లెడ ఒకటుంది. 2018 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న హోమ్‌లెస్‌నెస్ రిడక్షన్ యాక్ట్ ప్రకారం, 56 రోజుల్లో ఇల్లు పోయేలా ఉన్నా, ఇప్పటికే పోయినా కౌన్సిల్ సాయపడాలి, ప్లాన్ రాసివ్వాలి. కానీ ఆ రాత్రికి గది ఇవ్వాల్సిన బాధ్యత 'ప్రయారిటీ నీడ్' ఉన్నవాళ్లకే: పిల్లలున్నవాళ్లు, గర్భిణులు, ఇంటి హింస నుంచి పారిపోయి వచ్చినవాళ్లు, జబ్బు వల్లో మరో కారణం వల్లో తట్టుకోలేనివాళ్లు, ఇంకా కొందరు. ఆరోగ్యంగా ఉన్న ముప్పై ఏళ్ల ఒంటరి మగవాడికి చేతికొచ్చేది ప్లాన్ కాగితం, గది కాదు. వీధిలో పడుకునేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ కనబడటానికి ఇదొక ముఖ్య కారణం. స్కాట్లండ్ ఈ జల్లెడని 2012 చివర్లో తీసేసింది.

జైలు నుంచో ఆస్పత్రి నుంచో వెళ్లడానికి చోటు లేకుండా బయటికి పంపేయడం ఇంకో దారి. శుక్రవారం సాయంత్రం విడుదలైతే ఏ ఆఫీసూ తెరిచి ఉండదు. అందుకే అలాంటివాళ్లని రెండు పనిదినాల దాకా ముందే వదలడానికి 2023లో ఏకంగా చట్టం చేయాల్సి వచ్చింది.

కిట్ల బాధ్యురాలు:
కిట్ల మీద నిరుడు వచ్చిన సలహాలన్నీ చదివాను. కొన్ని కొట్టేస్తున్నాను, ఏమనుకోకండి.

దుప్పట్లు వద్దు. ఒక్క వానకి తడిస్తే ఆరబెట్టుకునే చోటుండదు, బరువు మోయలేక అక్కడే వదిలేస్తారు. చలి ఎక్కువగా నేలలోంచి వస్తుంది, కాబట్టి పైన కప్పేదానికన్నా కింద పరిచేది ముఖ్యం. నీళ్లు పీల్చని (క్లోజ్డ్ సెల్) ఫోమ్ మ్యాట్‌ని సగానికి కోసి చుడితే సంచిలో పడుతుంది, 30 కొంటే 60 కిట్లకి వస్తుంది. సగం ముక్క తుంటి నుంచి భుజం దాకా వస్తుంది, కాళ్ల కింద సంచి పెట్టుకుంటారు. మేజోళ్లు కిట్‌కి రెండు జతలు, మొత్తం 120 జతలు, ఉన్ని కలిసినవే. కాటన్‌వి ఎంత చవగ్గా దొరికినా కొనొద్దు. తడి మేజోడు రోజుల తరబడి కాలికే ఉంటే చర్మం తెల్లగా నాని ముడతలు పడుతుంది, తర్వాత తిమ్మిరెక్కి పగుళ్లిస్తుంది, ఆ పగుళ్లలో ఇన్ఫెక్షన్ చేరుతుంది. అందుకే రెండో జత: ఒకటి కాలికి, ఒకటి ఒంటి వేడికి ఆరడానికి చొక్కా లోపల. సైజులు 6 నుంచి 11 దాకా కలిపి తీసుకుని, సంచి బయట సైజు రాయండి.

మిగతావి: చేతికి తొడుగులు, టోపీ, వాన పోంచో, టూత్‌బ్రష్, పేస్టు, పెదాలకి రాసుకునే బామ్, ఫుల్ ఛార్జి పెట్టిన 5,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు, తీగతో సహా. ఫోన్ ఆగిపోతే కౌన్సిల్ వాళ్ల కాల్ అందదు, అపాయింట్‌మెంట్ పోతుంది. మేజోళ్ల తర్వాత ఖర్చు పెట్టాల్సింది దీనిమీదే. శానిటరీ ప్యాడ్లు పది కిట్లలో వేరుగా, గుర్తు పెట్టి. ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ వద్దు, తడి వైప్స్ చాలు. తినేవాటిలో మెత్తటివే, పళ్లు పాడైనవాళ్లు ఎక్కువ. చేత్తో లాగి తెరిచే మూత లేని డబ్బాలు పనికిరావు. నల్ల చెత్త సంచిలో కట్టారో, పొద్దున్నే ఊడ్చేవాళ్లు చెత్తే అనుకుని ఎత్తేస్తారు. రంగు సంచి, నీరు పట్టనిది, పది లీటర్లది.

ట్రెజరర్:
పవర్ బ్యాంకులు 60 అంటే బడ్జెట్లో సగం పోతుంది. 25 చాలవా?

కిట్ల బాధ్యురాలు:
25తో సరిపెడదాం ట్రెజరర్ గారూ, డే సెంటర్ (ఇల్లు లేనివాళ్లకి పగటిపూట సాయం అందే చోటు) వాళ్లు ఎవరికి అవసరమో చూసి ఇస్తారు. మేజోళ్లలో మాత్రం కోత పెట్టొద్దు. కిట్లన్నీ డే సెంటర్‌కే అప్పగిస్తాం, మనం నేరుగా పంచం. ఒకే వీధిలో ఒకే రాత్రి మూడు సంఘాలు పంచితే, ఒకరికి మూడు కిట్లు, పక్క సందులోవాళ్లకి ఏమీ లేకపోవడం మామూలే.

వీధి టీం:
మూడో బోర్డు మాది, ఒక మనిషి వీధిలో పడుకుని కనబడితే ఏం చేయాలన్నది. వీధిలో పడుకున్నవాళ్ల గురించి చెప్పడానికి ఉన్న స్ట్రీట్‌లింక్ వెబ్‌సైట్‌లో తెలియజేయాలి, ఇంగ్లండ్, వేల్స్‌లకి పనిచేస్తుంది. అక్కడి నుంచి వీధుల్లో తిరిగి ఇలాంటివాళ్లని కలిసే ఆ ప్రాంతపు అవుట్‌రీచ్ టీంకి సమాచారం పోతుంది. వాళ్లు రాత్రి పొద్దుపోయాకో తెల్లవారుజామునో వెతుకుతారు కాబట్టి, పడుకునే చోటే చెప్పాలి, పగలు కూర్చున్న చోటు కాదు. 'స్టేషన్ దగ్గర' అని రాస్తే ఎవరూ దొరకరు. 'కార్ పార్క్ వెనక మెట్ల కింద, ఎడమవైపు, రాత్రి 11:30కి, నీలం స్లీపింగ్ బ్యాగు' అని రాస్తే దొరుకుతారు. మనిషి మెలకువగా ఉంటే అడిగి పంపండి. 18 ఏళ్ల లోపు పిల్లలనిపిస్తే పోలీసులకి, స్పృహ లేకపోయినా ప్రాణం మీదికి వచ్చినా అత్యవసర నంబరు 999కి చెప్పాలి. ఉష్ణోగ్రత సున్నాకి పడుతుందన్నప్పుడు కౌన్సిళ్లు తీవ్ర చలి ఏర్పాటు కింద అదనపు పడకలు తెరుస్తాయి. ఆ రాత్రుల్లో చాలాచోట్ల మామూలు నిబంధనలు పక్కన పెడతారు, కాబట్టి ఆ రోజు ఇంకోసారి తెలియజేయడం దండగ కాదు.

కొత్త వాలంటీర్:
షెల్టర్‌కి రానంటే? ఉచితంగా పడక ఇస్తుంటే ఎందుకు రారో అర్థం కాదు.

వీధి టీం:
కుక్క ఉంటే చాలా షెల్టర్లు రానివ్వవు. భార్యాభర్తల్ని విడివిడిగా పెడతారు. సామాన్లు పోతాయి. తాగుడు మానేసినవాళ్లు తాగేవాళ్ల పక్కన పడుకోవాలంటే భయపడతారు. ఇంకోటి, లోకల్ కనెక్షన్: ఆ ఊరితో సంబంధం లేదని వెనక్కి పంపేసిన అనుభవం ఉన్నవాళ్లు మళ్లీ అడగరు. రానన్నారంటే కారణం ఒకటుంటుంది, వాదించొద్దు.

హౌసింగ్ డెస్క్:
ఇక సలహా డెస్క్. మన తెలుగువాళ్లకి నిజంగా ఉపయోగపడేది ఇదే, దీనికి ఇద్దరు కాదు నలుగురు కావాలి.

నోటీసు రాగానే తాళాలు ఇచ్చేసి వెళ్లిపోవడం మనవాళ్లలో చాలా ఎక్కువ, పరువు పోతుందని. అలా వెళ్తే కావాలనే ఇల్లు వదులుకున్నారని కౌన్సిల్ అనొచ్చు. మామూలు అద్దెదారుని కోర్టు ఉత్తర్వు, దాన్ని అమలుచేసే అధికారి (బెయిలిఫ్) లేకుండా వెళ్లగొట్టడం 1977 చట్టం ప్రకారం నేరం. 2025 రెంటర్స్ రైట్స్ యాక్ట్ వల్ల 2026 మే 1 నుంచి కారణం చెప్పని సెక్షన్ 21 నోటీసు ఉండదు. అద్దె బాకీ మీద తప్పనిసరిగా ఖాళీ చేయించడానికి మూడు నెలల బాకీ, నాలుగు వారాల నోటీసు కావాలి. అయితే ఒక మెలిక. యజమానితోనో, ఇల్లు తన పేర తీసుకుని గదులు తిరిగి ఇచ్చే మనిషితోనో ఒకే వంటగది వాడుకుంటూ ఉండేవాళ్లకి ఈ రక్షణ చాలావరకు లేదు, తగినంత గడువిచ్చి పంపేయొచ్చు. విద్యార్థులు నగదు కట్టి ఉండే గదులు ఎక్కువగా ఇవే. మొదటి ప్రశ్న 'అద్దె ఎవరికి కడుతున్నారు, ఆ మనిషి ఎక్కడ పడుకుంటాడు?' అనే ఉండాలి.

కౌన్సిల్ కౌంటర్ దగ్గర 'ఇల్లు కావాలి' అంటే వెయిటింగ్ లిస్టు ఫారం చేతిలో పెట్టి పంపిస్తారు. 'హోమ్‌లెస్ అప్లికేషన్ పెట్టడానికి వచ్చాను' అనాలి. నోటీసు, ఒప్పందం లేదా అద్దె కట్టిన రుజువు, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాస్‌పోర్టు, జబ్బుంటే డాక్టరు ఉత్తరం తీసుకెళ్లాలి. కాదంటే రాతపూర్వకంగా ఇమ్మని అడగాలి. చాలా నిర్ణయాల మీద సమీక్ష కోరడానికి గడువు 21 రోజులు. జీపీ (స్థానిక డాక్టరు) దగ్గర నమోదుకి చిరునామా రుజువు అక్కర్లేదని కూడా కార్డు మీద వేయండి.

వీసా మీద ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ప్రభుత్వ సాయం వర్తించదు, పబ్లిక్ ఫండ్స్ లేవని వీసాలోనే ఉంటుంది. సలహా మాత్రం కౌన్సిల్ ఎవరికైనా ఉచితంగా ఇవ్వాలి. పిల్లలుంటే 1989 చిల్డ్రన్ యాక్ట్ సెక్షన్ 17 కింద సోషల్ సర్వీసెస్‌ని అడగొచ్చు. వీసా ఇప్పించిన కంపెనీకి స్పాన్సర్ లైసెన్సు పోతే ఉద్యోగికి సాధారణంగా 60 రోజుల గడువుతో ఉత్తరం వస్తుంది, అక్కడి నుంచి జీతం, గది, వీసా ఒకదాని వెంట ఒకటి పోతాయి. ఇక్కడ గట్టిగా చెబుతున్నాను: డెస్క్‌లో కూర్చునేవాళ్లెవరూ వీసా సలహా ఇవ్వొద్దు. అనుమతి లేకుండా ఇవ్వడం నేరం. సొలిసిటర్ల పేర్లో వీసా సలహాదారులని నియంత్రించే ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీలో నమోదైనవాళ్ల పేర్లో రాసివ్వండి, ఆపేయండి.

ట్రెజరర్:
డెస్క్ పక్కన గోప్యత కోసం తెర అద్దెకి తీసుకుంటున్నా. పేర్లు రాసే రిజిస్టర్ వద్దు, టోకెన్ నంబర్లు చాలు. తెలిసినవాళ్లు చూస్తారంటే ఎవరూ రారు.

సమన్వయకర్త:
బాగుంది. డెస్క్‌కి ఇంకా ఇద్దరు కావాలి, ఇంగ్లీషు ఫారాలు అలవాటున్నవాళ్లయితే మంచిది. కిట్లు కట్టడం ఒంటిగంట నుంచి రెండున్నర, బల్లకి ఆరుగురు చొప్పున రెండు బల్లలు. మూడింటికి వ్యాను, డే సెంటర్ నాలుగింటికే మూసేస్తారు కాబట్టి ఆలస్యం కుదరదు. బోర్డుల తుది ప్రతి అక్టోబరు 25 కల్లా పంపండి, ఏ3 సైజులో. పీడీఎఫ్ చేసేటప్పుడు తెలుగు ఫాంటుని అందులోనే పొదిగి పంపండి. లేకపోతే ప్రింటు షాపులో ఒత్తులన్నీ విడిపోయి వస్తాయి, మళ్లీ అచ్చు వేయించడానికి డబ్బుల్లేవు.