సర్వీసు ముగిసి నాలుగేళ్లయినా మావారికి కంటినిండా నిద్ర లేదు: ఎవరిని సంప్రదించాలి?

అడిగినవారు: గిద్దలూరు గృహిణి

నమస్కారం. మాది ప్రకాశం ప్రాంతంలో, గిద్దలూరు వైపు ఒక పల్లె. మా చుట్టుపక్కల మిలిటరీకి వెళ్లిన మనిషి లేని వీధి ఉండదు కాబట్టి నా బాధ ఇక్కడ కొందరికైనా అర్థమవుతుందని నమ్మి రాస్తున్నాను. మావారు సైన్యంలో 19 ఏళ్లు పనిచేసి హవల్దారుగా పదవీ విరమణ చేశారు. అందులో రెండు విడతలు రాష్ట్రీయ రైఫిల్స్‌లో, కశ్మీర్‌లోని కుప్వారా జిల్లాలో గడిచాయి. రెండో విడతలో ఆయన పక్కన నడుస్తున్న సహచరుడు మందుపాతర పేలి చనిపోయాడని యూనిట్‌వారి ద్వారా నాకు తెలిసిందే తప్ప, ఆయన నోటివెంట ఈనాటికీ ఆ మాట రాలేదు.

రాత్రి రెండు గంటలకు లేచి తలుపు గడియలన్నీ సరిచూసి, ఇంటి చుట్టూ తిరిగి వస్తారు. హోటల్‌కు వెళ్తే గోడకు వీపు ఆనించి, తలుపు కనిపించే చోటే కూర్చుంటారు. దీపావళి మూడు రోజులుందనగానే పొలంలోని మోటారు షెడ్డుకు వెళ్లిపోతారు. కిందటి నెల నిద్రలో కేకలు వేస్తుంటే భుజం తట్టి లేపబోయాను. కళ్లు తెరవకుండానే నా మెడ పట్టుకున్నారు. మెలకువ వచ్చాక తెల్లవారేదాకా ఏడుస్తూ కూర్చున్నారు. ఆ రోజు నుంచి వరండాలోనే పడుకుంటున్నారు.

సాయంత్రమైతే క్యాంటీన్ రమ్ము, దాని మీద మా ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చే నిద్రమాత్ర. ఒకటి రెండుసార్లు "ఆరోజు వాడి బదులు నేను పోయినా బాగుండేది" అన్నారు. బ్యాంకు గార్డు ఉద్యోగం కోసం తీసుకున్న లైసెన్సు తుపాకీ ఇంట్లోనే ఉంది. డాక్టరు దగ్గరకు వెళ్దామంటే "నాకేమైనా పిచ్చా?" అంటారు. మా అత్తగారు దిష్టి తగిలిందని తాయెత్తు కట్టించారు. పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి తండ్రితో మాట్లాడడం మానేశాడు. ఇది జబ్బేనా? ఎక్కడికి తీసుకెళ్లాలి? వైద్యం చేయించుకుంటే పింఛనుకు ఏమైనా ఇబ్బంది వస్తుందా?

సమాధానం: విశ్రాంత సుబేదార్, పశ్చిమ గోదావరి

అమ్మా, మీరు రాసింది చదువుతుంటే పదేళ్ల కిందట నా భార్య ఎవరికీ చెప్పుకోలేక దాచుకున్న ఉత్తరంలా ఉంది. ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు. సర్వీసుకు వచ్చే పింఛను ఆయన సంపాదించుకున్నది. మానసిక వైద్యం చేయించుకున్నంత మాత్రాన దాన్ని ఎవరూ ఆపరు.

ఆయన ఎందుకు నోరు విప్పరో నాకు తెలుసు. సర్వీసులో మా ఆరోగ్యాన్ని "షేప్" అనే అయిదు అక్షరాలతో కొలుస్తారు. అందులో మొదటి అక్షరం ఎస్, మనసుకు సంబంధించినది. అక్కడ తేడా నమోదైతే "లో మెడికల్ క్యాటగిరీ", అంటే ఆరోగ్యంలో తక్కువ శ్రేణి, పడుతుందని, ప్రమోషన్ పోతుందని, ఆయుధం చేతికివ్వరని జవాన్లందరికీ భయమే. కాలు విరిగిన వాణ్ని చూడడానికి ప్లటూన్ అంతా ఆసుపత్రికి కదిలేది. మానసిక వార్డులో చేరిన వాడి పేరు ఎత్తడానికి కూడా జంకేవాళ్లం. ఆ జంకులో నాకూ భాగం ఉందని ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. మాకు దగ్గరలోని మిలిటరీ మాధవరంలో అమరుల స్మారకం ముందు నిలబడినప్పుడల్లా, ప్రాణాలతో తిరిగివచ్చి రాత్రుళ్లు నిద్రలేని వాళ్ల గురించి ఊళ్లలో ఎవరు అడుగుతున్నారని అనిపిస్తుంది.

నన్ను మార్చింది నా బ్యాచ్ మనిషి. మూడుసార్లు మా ఇంటికి వచ్చి, మూడోసారి తన మందుల చీటీ నా ముందు పెట్టాడు. మీవారి యూనిట్‌లో ఆయన గౌరవించే ఒకరిని ఇంటికి పిలవండి. "మనసు" అనే మాట ఎత్తకుండా నిద్ర సంగతి మాట్లాడమనండి. తర్వాత మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్ఎస్ కార్డుతో పాలీక్లినిక్‌కు వెళ్తే అక్కడి మెడికల్ ఆఫీసరు మానసిక వైద్యునికి రిఫరల్ రాస్తారు. 2003 ఏప్రిల్‌లో మొదలైన ఈ పథకంలో మానసిక వైద్యం కూడా ఉంది. కార్డు విషయంలో చిక్కులుంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

సమాధానం: మానసిక వైద్యురాలు, విశాఖపట్నం

చూడకుండా రోగ నిర్ధారణ చేయడం సరికాదు. అయితే మీరు చెప్పిన లక్షణాలు ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మతకు, అంటే పీటీఎస్‌డీకి చాలా దగ్గరగా ఉన్నాయి. జరిగింది కలల్లో తిరిగి రావడం, దాన్ని గుర్తుచేసే శబ్దాలకూ మాటలకూ దూరంగా పారిపోవడం, ఎప్పుడూ కాపలాలో ఉన్నట్టు ఒళ్లు బిగబట్టి ఉండడం నెల దాటి కొనసాగుతూ బతుకును దెబ్బతీస్తుంటే దాన్ని జబ్బుగానే చూస్తాం. కుప్వారాలో ఆయన ప్రాణం కాపాడిన అప్రమత్తతే ఇక్కడ ఆపడం చేతకాక నడుస్తూనే ఉంది. పిరికితనానికీ దీనికీ సంబంధం లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లోనే, చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు "షెల్ షాక్" పేరుతో ఇలాంటి సైనికుల గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. పీటీఎస్‌డీ అన్న పేరు మాత్రం 1980లో గానీ అధికారికంగా స్థిరపడలేదు.

సుబేదార్ గారు చెప్పిన దారి మంచిదే కానీ, మూడు రాకపోకల దాకా ఆగే వ్యవధి మీకు లేదు. "నేను పోయినా బాగుండేది" అన్న మాట, మద్యం, ఇంట్లో తుపాకీ ఒకచోట ఉన్నాయి. ఎన్నికలప్పుడు జమ చేసినట్టే ఆ తుపాకీని పోలీస్ స్టేషన్‌లో అప్పగించే ఏర్పాటు ఈ వారమే చేయండి. ఆయనకు తెలియకుండా కాదు, "మీకు నిద్ర కుదిరేదాకా" అని చెప్పి చేయండి. చనిపోవాలని ఉందా అని నేరుగా అడగడానికి భయపడవద్దు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఏ వేళలోనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. సాయుధ దళాల వారి కోసం పుణెలోని సైనిక వైద్య కళాశాలలో 2023 డిసెంబరులో ఈ సేవకు ప్రత్యేక విభాగం కూడా ఏర్పాటైంది. ప్రమాదం తక్షణమనిపిస్తే ఫోన్‌తో ఆగకుండా దగ్గరి పెద్దాసుపత్రికి వెళ్లండి.

మద్యం మీద నిద్రమాత్ర వేస్తే శ్వాస మందగించి ప్రాణం మీదికి రావచ్చు. అలాగని రెండింటినీ ఒక్కరోజులో మాన్పించకండి. రోజూ తాగేవారు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు. వైద్యుని పర్యవేక్షణలోనే తగ్గించాలి. ఈ జబ్బుకు ఇచ్చే సెర్ట్రలిన్ వంటి మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. అవి వ్యసనంగా మారవు. మందులతో సమానంగా, చాలామందికి అంతకంటే ఎక్కువగా, ఆ సంఘటనను నెమ్మదిగా మాటల్లోకి తెచ్చే చికిత్స మేలు చేస్తుంది. పీడకల వచ్చినప్పుడు తాకి లేపకండి. మంచం కాళ్లవైపు దూరంగా నిలబడి, దీపం వేసి, పేరు పెట్టి పిలుస్తూ, ఇంట్లోనే ఉన్నారని చెప్పండి.

సమాధానం: న్యాయవాది, సికింద్రాబాద్

వైకల్య పింఛను కోరవచ్చా అనేది వేరే ప్రశ్న. దానికి మెడికల్ బోర్డు అభిప్రాయం కీలకం కనుక డిశ్చార్జి పుస్తకం, సర్వీసులో చూపించుకున్న చీటీలు, ఇప్పటి వైద్య పత్రాలు జాగ్రత్త చేయండి. చేరేటప్పుడు నమోదుకాని జబ్బు కారణంగా సర్వీసు నుంచి తప్పించినప్పుడు అది సర్వీసు వల్ల వచ్చిందనే భావించాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీవారు మామూలు విరమణ మీద వచ్చారు కాబట్టి అది నేరుగా వర్తిస్తుందని ఆశ పెట్టను. ముందు వైద్యం, తర్వాతే కాగితాలు.

సమాధానం: ఒక హవల్దారు కూతురు

అక్కా, మా నాన్న ఒప్పుకునేదాకా మా అమ్మ ఆగలేదు. ముందు తానే వెళ్లి డాక్టరును కలిసి, తన నిద్ర గురించి, తన భయం గురించి చెప్పుకుంది. అప్పటికి అమ్మకు కూడా చికిత్స అవసరమైంది. ఆమె మందులు వేసుకోవడం చూసిన రెండు నెలలకు నాన్న తోడు రమ్మని అడిగారు. మీ గురించి మీరు ఒక్క వాక్యం కూడా రాయలేదు. మీరు నిద్రపోతున్నారా?

అడిగినవారు: గిద్దలూరు గృహిణి

అందరికీ నమస్కారాలు. చెల్లీ, నీ ప్రశ్న చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నిద్రపోవడం లేదమ్మా. ఆయన చేతులు చూస్తే నాకు భయమేస్తోందని ఎవరికీ చెప్పలేదు.

తుపాకీ నిన్న స్టేషన్‌లో అప్పగించాం. అడగ్గానే ఆయన కాదంటారనుకున్నాను కానీ, "మంచిపని" అని తానే సంచిలో పెట్టి తెచ్చారు. డాక్టరుగారు చెప్పినట్టు నేరుగా అడిగాను. కాసేపు ఊరుకుని, ఆ ఆలోచన వస్తూ ఉంటుందని, ఇప్పటిదాకా ఎవరూ అడగలేదని అన్నారు. రాత్రే ఇద్దరం కూర్చుని 14416కు ఫోన్ చేశాం. సుబేదార్ బాబాయి గారూ, మావారి బ్యాచ్ నాయక్ ఒకరు కర్నూలు నుంచి రేపు వస్తున్నారు, ఎల్లుండి ముగ్గురం కలిసి పాలీక్లినిక్‌కు వెళ్తాం. నా పేరు మీద కూడా కార్డు ఉంది కాబట్టి నేనూ చూపించుకుంటాను. మా అబ్బాయికి ఏం చెప్పాలో మాత్రం తోచడం లేదు.

సమాధానం: ఒక హవల్దారు కూతురు

ఉన్నది ఉన్నట్టు చెప్పండి అక్కా. నాన్న నా మీద కోపంతో అలా ఉన్నాడనే నేను పన్నెండేళ్లు అనుకున్నాను.