సిజేరియన్ తర్వాత అయిదు రోజుల యాంటీబయాటిక్ అవసరమా?

పల్నాడు మిర్చి: మా చెల్లికి వచ్చే వారం రెండో సిజేరియన్. పోయినసారి అయిదు రోజులు పూటకో ఇంజెక్షన్ వేశారు, ఇంటికొచ్చాక ఇంకో వారం మాత్రలు. విరేచనాలు పట్టుకుని మనిషి నీరసపడిపోయింది. ఈసారి అన్నీ అవసరమా అని అడిగితే డాక్టరు గారు "ఇన్ఫెక్షన్ వస్తే మీదే బాధ్యత" అన్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

నైట్‌డ్యూటీ సిస్టర్: యాంటీబయాటిక్ కచ్చితంగా కావాలి. ఎన్ని రోజులన్నదే ప్రశ్న. ముందే డేట్ పెట్టుకున్న సిజేరియన్ అయినా, ఎమర్జెన్సీ అయినా, కోత పెట్టే ముందు ఒక్క డోసు ఇవ్వమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మామూలుగా సెఫాజోలిన్ 2 గ్రాములు, కోతకు ముందు గంటలోపు, నరానికి. కత్తి తగిలేసరికి మందు ఒంట్లో ఉండాలి, అసలు కిటుకంతా అదే. ఒకప్పుడు బిడ్డకు మందు చేరకూడదని బొడ్డుతాడు బిగించాక ఇచ్చేవారు. ముందే ఇస్తే తల్లికి ఇన్ఫెక్షన్లు ఇంకా తగ్గుతున్నాయని, బిడ్డకు ఇన్ఫెక్షన్లు పెరగడం లేదని తేలాక పద్ధతి మార్చారు. ఆపరేషన్ చాలాసేపు సాగినా, రక్తం ఎక్కువ పోయినా ఇంకో డోసు. ఏ ఇన్ఫెక్షనూ లేని బాలింతకు అయిదు రోజులు ఎక్కిస్తే అదనంగా ఒరిగేది లేదు.

గోదారి గట్టు: ఒరిగేది లేదా? మా ఆవిడకు మీరన్నట్టు ఒక్క డోసే ఇచ్చారు. ఎనిమిదో రోజు కుట్లలోంచి చీము. మళ్లీ అడ్మిట్, మళ్లీ కుట్లు.

నైట్‌డ్యూటీ సిస్టర్: ఆ డోసు కోతకు ముందు వేశారా, తర్వాతా? ఉమ్మనీరు పోయి ఎంతసేపైంది?

గోదారి గట్టు: నేను బయట బెంచీ మీద ఉన్నాను. టైము నోట్ చేసుకోమని నన్నేమైనా లోపలికి పిలిచారా?

కాకినాడ కాజా: అసలు ఆపరేషనే ఎందుకంట? 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే. ముందు దాని సంగతి తేల్చండి.

పల్నాడు మిర్చి: అన్నా, దానికి వేరే థ్రెడ్ పెట్టుకోండి, దండం పెడతా.

ఫార్మసీ బాబాయ్: మా కౌంటర్‌కి బాలింతల చీటీలు రోజూ వస్తాయి. సెఫిక్సిమ్, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్‌లు, ఒక గ్యాస్ మాత్ర. కడుపులో తిప్పుతోందని చాలామంది మధ్యలో ఆపేసి, మిగిలిన స్ట్రిప్పు వాపసు తీసుకోమంటారు. డాక్టర్లకు తెలియక రాయడం లేదమ్మా. థియేటర్ శుభ్రత మీద నమ్మకం లేక రాస్తున్నారు.

నైట్‌డ్యూటీ సిస్టర్: నమ్మకం లేకపోతే థియేటర్ బాగుచేయాలి బాబాయ్. నేను ఇదివరకు పనిచేసిన చోట ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములు చంపే యంత్రం) టేపు రంగు మారలేదని, అంటే సరిగ్గా శుద్ధి కాలేదని, ఒక పరికరాల సెట్టు వెనక్కి పంపాను. "కేసు లేట్ చేస్తావా" అని అందరి ముందూ తిట్టారు. ఆపరేషన్ ముందు రోజు రాత్రి వెంట్రుకలు బ్లేడుతో గీకేవారు కూడా. ఆ సన్నని గాట్లలోంచే క్రిములు లోపలికి పోతాయి. ఇవన్నీ ఆపడం కష్టం, ఇంజెక్షన్ రాయడం తేలిక.

గోదారి గట్టు: మరి మా ఆవిడది ఎవరి తప్పు? చెప్పరేం?

నైట్‌డ్యూటీ సిస్టర్: కేస్ షీట్ చూడకుండా ఎలా చెప్పను? మందు సమయానికి పడినా కొందరికి వస్తుంది. నొప్పులు మొదలయ్యాకో, ఉమ్మనీరు పోయాకో ఆపరేషన్ అయినవాళ్లకు రిస్కు ఎక్కువ. 2016లో వచ్చిన అమెరికా అధ్యయనంలో అలాంటివాళ్లకు మామూలు మందుతోపాటు అజిత్రోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ 500 మిల్లీగ్రాములు కలిపితే ఇన్ఫెక్షన్లు 12 శాతం నుంచి 6 శాతానికి తగ్గాయి. సున్నా కాలేదు చూడండి.

గోదారి గట్టు: మీ శాతాలు మీ దగ్గరే ఉంచుకోండి! మూడో రోజే పంపేశారు. అయిదో రోజు కుట్ల దగ్గర ఎర్రగా ఉంది, వేడిగా ఉందని ఫోన్ చేస్తే "మామూలే, ఆదివారం డాక్టరు గారు ఉండరు" అన్నారు. అయిదు రోజుల ఇంజెక్షన్లుంటే అయిదు రోజులూ అక్కడే ఉండేవాళ్లం. ఎవరో ఒకరు దుప్పటి తీసి పొట్ట చూసేవారు.

నైట్‌డ్యూటీ సిస్టర్: అయితే మీకు కావాల్సింది కుట్లు చూసే మనిషి. మందు కాదు.

గోదారి గట్టు: మందు వేయడానికైతేనే మా దగ్గర మనిషి వస్తాడు. మందు ఆపితే ఆ మనిషీ రాడు.

నైట్‌డ్యూటీ సిస్టర్: దానికోసం అక్కర్లేని మందు ఎక్కించమంటారా?

గోదారి గట్టు: ఎక్కించమంటాను.

ఫార్మసీ బాబాయ్: ఇలాగే వాడుతూ పోతే రేపు నిజంగా చీము పట్టినప్పుడు ఏ మందూ పనిచేయదు నాయనా.

గోదారి గట్టు: రేపటి సంగతి కదా. మాది నిన్న.

పల్నాడు మిర్చి: సిస్టర్ గారూ, ఇంటికొచ్చాక ఏం చూసుకోవాలి? అమ్మకు చెప్పాలి.

నైట్‌డ్యూటీ సిస్టర్: నెల రోజులు కనిపెట్టుకుని ఉండండి. 100 దాటిన జ్వరం, కుట్ల చుట్టూ ఎరుపు, వాపు, తడి, మైలలో (కాన్పు తర్వాత పోయే స్రావంలో) చెడు వాసన, తగ్గాల్సిన నొప్పి పెరగడం. వీటిలో ఏది కనబడినా అదే రోజు చూపించండి. డోసు కోతకు ముందే వేస్తారు కదా అని డాక్టరు గారిని ఇప్పుడే అడగండి. ఎన్ని రోజులన్నది మీ చెల్లిని చూశాక డాక్టరు గారే తేల్చాలి. పాత మాత్రలు ఇంట్లో ఉంటే మీ అంతట మీరు వేయకండి.

గోదారి గట్టు: ఆదివారం ఎవరు చూస్తారో, ఏ నంబరు ఎత్తుతారో కూడా రాయించుకోండి తల్లీ.